రంగు మురికి

జోడిమామిడి గ్రామంలో పదిహేడుమంది పిల్లలు చనిపోయారు. పదిహేడుమందికీ జ్వరం వచ్చింది. పదిహేడుమంది రక్తాన్నీ గాజుపలకల మీద పూతగా పూసి, రంగు వేసి, సూక్ష్మదర్శిని కింద పెట్టి పరీక్షించారు. పదిహేడు కాగితాల మీదా ఒకే చేతివ్రాత, ఒకే మాట: సాధారణం. పిల్లలను మింగినది మలేరియా అని తేలేసరికి కొండవాలున పదిహేడో గుంట కూడా పూడిపోయింది.

ఆ చేతివ్రాత వంతల దేవకిది. అక్కడి ఆరోగ్యకేంద్రంలో లాబ్ టెక్నీషియను. వయస్సు ఇరవై రెండు. ఆమెను అరెస్టు చేసిన పదోరోజున విశాఖపట్నంలో ప్రొఫెసర్ గాలి ఫిలోమినా ఇంటికి విచారణసంఘం నుంచి ఒక ఉత్తరం వచ్చింది. అందులో అడిగినది చిన్న సంగతి. దేవకి మనసుకు కట్టిన చదువుల అంటులో మలేరియా పాఠం సంపూర్ణంగా ఉన్నదని ప్రొఫెసరు ధ్రువీకరించాలి. పాఠం ఉన్నదంటే ఆ పిల్లకు తెలుసు. తెలిసీ చూడలేదంటే నేరం ఆ పిల్లది.

ఫిలోమినా కలం మూత తీసింది. పాఠం ఉన్న మాట నిజం. ఆ సంగతి ఆమెకన్నా ఎవరికి తెలుసు? ఆ పాఠం ఆమెదే.

అయినా సంతకం పెట్టలేదు. ముప్పై నాలుగేళ్లు జంతుశాస్త్రం చెప్పిన ఆ మనిషికి ఒక నియమం ఉండేది. ఏ విద్యార్థిని రికార్డు మీదనైనా, ఆ విద్యార్థినిని ఎదుట నిలబెట్టి ఒక్క ప్రశ్నైనా అడగనిదే సంతకం చేసేది కాదు. డెబ్బై ఒకటో ఏట ఆ నియమం తప్పడం ఆమెకు ఇష్టం లేకపోయింది. కలం మూత పెట్టి, మరునాటి ఉదయమే జైలుకు బయలుదేరింది.

అంటు సంగతి ఈనాడు తెలియనివారు లేరు. మామిడికి మామిడి కొమ్మను కట్టినట్టు, చదివిన మనసులోని చదువును తీసి చదవని మనసుకు కట్టడం. కాగితాల్లో దాని పేరు విద్యాసంధానం. పదకొండు రోజులు తలకు తొడుగు పెట్టుకుని పడుకుంటే మూడేళ్ల జీవశాస్త్రం బి.ఎస్సీ. మనిషికి పట్టుబడుతుంది. కళాశాల గడప తొక్కని కొండపిల్లలు పన్నెండోరోజున ఆరోగ్యకేంద్రాల్లో ఉద్యోగాలకు కూర్చున్నారు. జ్వరపు క్రిమిని పట్టే రాపిడ్ కిట్లు ఆ కొండల్లో పనిచేయడం మానేసి మూడేళ్లయింది. మళ్లీ పాతకాలపు గాజుపలకా, సూక్ష్మదర్శినీ, చూడగల ఒక కన్నూ కావలసివచ్చాయి. అంటు ఆ కన్నును ఇస్తుందన్నారు.

అయితే అంటులో రెండువందల పాఠాలకే చోటు. జీవశాస్త్రంలో పట్టా పొందే మనిషి నిజంగా ఏమేమి నేర్చుకోవాలో తేల్చడానికి విద్యాసంధాన పీఠం ఆరేళ్లక్రితం తొమ్మిదిమందితో సంఘం వేసింది. అధ్యక్షురాలు ఫిలోమినా. ఐదు నెలలు వాదించుకున్నారు. జన్యుశాస్త్రానికి అరవై పాఠాలు కావాలని ఒకరు పట్టుబట్టారు. వానపాము కోత ఎందుకని మరొకరు.

"తోటల్లోకి తీసుకెళ్లి చీమల బారులు చూపించడమేమిటండీ మేడమ్? చీమల్ని చూడటానికి డిగ్రీ కావాలా? మా వంటింటికి రండి, రోజూ ప్రాక్టికలే," అని, ఫిలోమినా అడిగిన తోటపాఠాలమీద ఒకాయన అంటే అందరూ నవ్వారు.

ఫిలోమినా నవ్వలేదు. ఆరోజు ఆమె స్వయంగా చెప్పి రాయించిన మొదటి వాక్యం ఇప్పటికీ పీఠం గోడమీద అద్దం కట్టి ఉంది: "జీవశాస్త్ర పట్టభద్రులు మొట్టమొదట నేర్వవలసినది, చూచినదానిని చూచినట్లు వ్రాయుట." తొమ్మిదిమందీ సంతకాలు చేశారు. ఇక ఎవరి మనసునుంచి చదువు తీయాలన్న మాట వచ్చినప్పుడు ఎనిమిది వేళ్లు ఒక్కసారే ఆమెవైపు తిరిగాయి. మూడువందల రోజులు ఆమె ఆ కుర్చీలో కూర్చుంది. ఒక్కొక్క పాఠాన్నీ మూడువందల సార్లు స్మరించింది. ఆమె చదువు నలభై వేలమందికి అంటుకట్టారు.

జైలులో దేవకి నిలబడే ఉంది. సన్నటి మనిషి, చేతులు వెనక్కి కట్టుకుంది.

"కూర్చో అమ్మా."

"వద్దు మేడమ్. వైవాలో కూర్చోరు కదా."

ఈ పిల్ల ఏనాడూ ఏ వైవాకూ హాజరు కాలేదు. ఫిలోమినా మాట మార్చకుండా ప్రశ్న వేసింది. "మలేరియా క్రిమి మనిషి ఒంట్లో ఎలా పెరుగుతుందో చెప్పు."

దేవకి చెప్పింది. దోమకాటు నుంచి కాలేయానికి, కాలేయం నుంచి రక్తానికి, ఎక్కడా అక్షరం పొల్లుపోకుండా చెప్పింది. "ఎర్రరక్తకణంలో" అనే మాటకు ముందు ఒక్కక్షణం ఆగి, రెండు వేళ్లతో ముక్కుమీది కళ్లజోడును పైకి నెట్టుకుంది. ఆమెకు కళ్లజోడు లేదు. ఫిలోమినా తన కళ్లజోడువైపు లేచిన చేతిని ఒడిలోకి దించుకుంది.

"ఆ పలకలు చూశావా?"

"చూశాను మేడమ్. అన్నీ చూశాను. మా పిన్నికొడుకు చిట్టిబాబుదీ ఉంది వాటిలో. వాణ్ణి నేనే చంకనేసుకొచ్చి వేలు పొడిచాను. ఏడిస్తే నా చున్నీతోనే తుడిచాను."

"ఏం కనిపించింది?"

"కణాలు. గుండ్రంగా ఉన్నాయి. వాటిలో చిన్నచిన్న చుక్కలు."

"చుక్కలు కనిపించాయా? మరి సాధారణమని ఎలా రాశావు?"

దేవకి ఆశ్చర్యపోయింది. ఇంత పెద్ద ప్రొఫెసరుకు ఆమాత్రం తెలియదా అన్నట్టు చూసింది. "అది రంగు మురికి కదా మేడమ్! రంగు మురికిని బొమ్మలోకి ఎక్కించకు. పుస్తకంలో ఎలా ఉందో అలా, శుభ్రంగా గీయి. ఈ చెత్తంతా గీసిపెడితే ఎగ్జామినరు రికార్డు తీసి నీ మొహాన కొడతాడు."

గొంతు దేవకిది. ఆ విరుపు మాత్రం ఫిలోమినాది.

"ఎవరు చెప్పారమ్మా నీకా మాట?"

"ఎవరో చెప్పినట్టే ఉంటుంది మేడమ్. మొహం గుర్తు రాదు." దేవకి నుదురు రుద్దుకుంది. "అది తలుచుకుంటే ఎర్రసిరా వాసన వస్తుంది. ఇంకెవరో నవ్వినట్టుంటుంది. చాలామంది."

తిరిగివచ్చే కారులో ఫిలోమినా కళ్లు మూసుకోలేదు. మూసుకోవలసిన అవసరం లేకుండానే ఇరవై ఎనిమిదేళ్లనాటి ప్రయోగశాల కళ్ల ముందు నిలిచింది.

కాన్వెంటు కళాశాలలో అది రక్తపుపూత ప్రాక్టికల్ రోజు. ప్రతి పిల్లా తన వేలు తానే పొడుచుకుని, తన రక్తమే పలకమీద పూసుకుని, రంగు వేసి, చూసి, గీయాలి. చూసి గీసిన పిల్ల ఒక్కతె కూడా ఉండేది కాదు. బల్లకింద సీనియర్ల రికార్డులు తెరిచి ఉండేవి; అందులోని బొమ్మ అంతకు ముందు సీనియర్లది, అది ఇంకా ముందు ఎవరో పాఠ్యపుస్తకంలోంచి దించినది. సంగతి ఫిలోమినాకు తెలుసు. తెలిసే ఊరుకుంది. పరీక్షకులకు కావలసినది శుభ్రమైన బొమ్మ. ఆమె పిల్లలకు మార్కులు రావాలి.

ఆరోజు కిల్లో బాలమ్మ అనే ఏజెన్సీ పిల్ల, ఉపకారవేతనంతో చదువుతున్నది, కాపీ కొట్టడానికి రికార్డు ఇచ్చే స్నేహితురాళ్లు లేనిది, తాను చూసినది చూసినట్టు గీసింది. కణాల్లో సన్నని ఉంగరాలూ, ఉంగరానికొక చుక్కా. ఫిలోమినా ఎర్రసిరాతో ఆ బొమ్మను అడ్డంగా కొట్టి, తరగతికంతా వినిపించేటట్టు రంగు మురికి గురించి చెప్పింది. పిల్లలు నవ్వారు.

తొట్టి దగ్గర పలకలు కడుగుతున్న అటెండరు నూకరత్నం చేతులు తుడుచుకుంటూ వచ్చి, "అమ్మగోరూ, అది మురికి కాదేమోనండి. ఓపాలి సూడండి," అంది.

"నూకరత్నం, నీ పని పలకలు కడగడం. పాఠం చెప్పడానికి కళాశాలవారు నాకు జీతమిస్తున్నారు."

పిల్లలు మళ్లీ నవ్వారు. బాలమ్మ పుస్తకం చూసి శుభ్రంగా గీసింది. పదికి పది మార్కులు వచ్చాయి. వారం తిరగకముందే జ్వరంతో ఊరికి వెళ్లింది. మళ్లీ రాలేదు. నెల తరవాత హాజరుపట్టీలో ఆమె పేరును ఫిలోమినాయే కొట్టివేసింది, అదే ఎర్రసిరాతో.

రంగు మురికి గురించి ఆ మాట ఆమె అంతకు ముందూ అన్నది, ఆ తరవాతా ఏటేటా అన్నది. పాఠం పుస్తకానిది, ఈ మాట మాత్రం నోటిది, చేతిది. పీఠం కుర్చీలో మలేరియా పాఠం స్మరించిన మూడువందల సార్లూ ఆ మాట దాని వెంటే వచ్చింది. కొమ్మను కట్టినప్పుడు కొమ్మలోని పురుగునూ కట్టారు.

ఆ సాయంత్రం డాక్టర్ సాదిక్ వచ్చాడు. ఫిలోమినా మనసునుంచి చదువు తీసినవాడు అతడే. నెమ్మదస్థుడు, చెప్పులు బయట విడిచి, కుర్చీ అంచున కూర్చున్నాడు. జైలుకు వెళ్లిన సంగతి పీఠానికి అప్పుడే చేరిపోయింది. ఆమె దాచకుండా జరిగినదంతా చెప్పింది. అతడు కాఫీకప్పు అందుకుని, తాగకుండానే బల్లమీద పెట్టాడు.

"ఆ ఒక్క పోగు తీసేయండి, సాదిక్‌గారూ."

"కుదరదు మేడమ్. అన్నీ ఒకదానికొకటి అల్లుకుని ఉంటాయి. తీస్తే మొత్తం తీయాల్సిందే. మర్నాడు నలభై వేలమంది ఏమీ రానివాళ్లుగా నిద్ర లేస్తారు. లాబులు మూతపడతాయి. షుగరు పరీక్ష చేసేవాళ్లుండరు, రక్తం ఎక్కించేవాళ్లుండరు. ఎంతమంది పోతారో ఆలోచించారా?"

"తీయకపోతే ఎంతమంది పోతారో మీరు ఆలోచించారా?"

"మలేరియా కొండల్లోనే కదా మేడమ్," అన్నాడు సాదిక్. అనేసి, తాను ఏమన్నాడో తనకే వినిపించినట్టు తల దించుకున్నాడు.

"ఇంకొక సంగతి కూడా చెప్పాలి మేడమ్. మీ దగ్గర దాచడం అన్యాయం." అతడి గొంతు తగ్గింది. "అన్నిసార్లు స్మరించిన పాఠం దాత మనసులో రాయిలా గట్టిపడిపోతుంది. ఆ మాట తప్పని ఇప్పుడు మీకు తెలుసు. కాని తెలిసినంతమాత్రాన మీ కన్ను మాట వినదు. రేపు ఆ పలక మీరు చూసినా మీకు మురికే కనిపిస్తుంది. ఏం చూపించి రుజువు చేస్తారు? సంతకం పెట్టేయండి. ఆ అమ్మాయికి శిక్ష తగ్గేలా పీఠం వకీలును పెడుతుంది."

"కాఫీ చల్లారిపోతోంది. తాగి వెళ్లండి," అంది ఫిలోమినా.

అతడు వెళ్లిన వెంటనే ఆమె ఆటో పిలిపించుకుని కంచరపాలెం వెళ్లింది. నూకరత్నం వాకిట్లో చాప పరిచి ఎండుచేపలు ఏరుతోంది. గేటు దగ్గర ఫిలోమినాను చూసి గబగబా లేవబోయింది.

"లేవకు. బాలమ్మ గుర్తుందా నీకు?"

నూకరత్నం ఏ బాలమ్మ అని అడగలేదు. "గుర్తుండకేటండి. నానే బస్సెక్కించినాను. ఒల్లు పెనంలాగ కాలిపోతంది. కిటికీకాడ కూకోబెట్టి, నా తువ్వాలు తడిపి నెత్తిమీదేసినాను."

"తరవాత?"

"తరవాతేటి? కార్తీకమాసంలో ఆల్ల నాన్నొచ్చి ఆస్టల్లోని దాని పెట్టె అట్టుకెల్లిపోనాడు. పెట్టె మోసుకెల్తా ఏడిసినాడు. మీరడగలేదు, నాను సెప్పలేదు."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే ఫిలోమినాకు కొంత సులువుగా ఉండేది.

"ఎల్లుండి విచారణకు నాతో రావాలి నువ్వు."

"నానెందుకండి? సదువూ సట్టుబండలూ లేనిదాన్ని. ఆల్లు ఏటడుగుతారో, నానేటి సెప్తానో!"

"చదువు నా దగ్గరుంది, నూకరత్నం. నాకు కళ్లు కావాలి."

విచారణ జిల్లాకేంద్రంలోని పాత సమావేశమందిరంలో జరిగింది. అధ్యక్షుడు విశ్రాంత న్యాయమూర్తి. దేవకిని ఒక పక్కగా నిలబెట్టారు. వెనక వరసలో జోడిమామిడినుంచి వచ్చిన తల్లులు కూర్చున్నారు. చిట్టిబాబు తల్లి దేవకివైపు ఒక్కసారి కూడా చూడలేదు. సాక్ష్యంగా పెట్టిన పదిహేడు పలకల పెట్టెను, ఒక సూక్ష్మదర్శినిని తెప్పించమని ఫిలోమినా అడిగింది.

"ప్రొఫెసరుగారూ, ఇది విచారణ. ప్రాక్టికల్ పరీక్ష కాదు," అన్నాడు అధ్యక్షుడు.

"ప్రాక్టికల్ పరీక్ష ఎన్నడో జరగవలసింది. నేను జరపలేదు. ఇవాళ జరపనివ్వండి."

మొదటి పలక పెట్టారు. ముందు దేవకి చూసింది. చూసి, తెల్లకాగితం మీద గీసింది. గుండ్రని కణాలు, మధ్యలో రెండు తెల్లకణాలు. పుస్తకంలోంచి ఊడిపడ్డట్టు శుభ్రంగా ఉంది. ప్రభుత్వ వకీలు ఆ కాగితాన్ని ఎత్తి అందరికీ చూపించాడు. "చూశారా? ఇప్పటికీ అబద్ధమే గీస్తోంది!"

"ఆగండి," అని ఫిలోమినా కళ్లజోడు పైకి నెట్టుకుని వంగింది.

గులాబీరంగు కణాలు. వాటిమీద అక్కడక్కడా ముదురు చుక్కలు. మురికి, అంది మనసు. కాదు, అంది ఆమె. కన్ను చుక్కమీద నిలవకుండా జారిపోయింది. నీటిమీద నూనెబొట్టును వేలితో పట్టబోయినట్టు, మళ్లీ మళ్లీ పట్టబోయింది. మళ్లీ మళ్లీ జారిపోయింది. ఎంతసేపు వంగి ఉన్నదో ఆమెకు తెలియదు. తలెత్తేసరికి మందిరమంతా ఆమెనే చూస్తోంది.

"నాకూ కనిపించడం లేదు. ఈ పిల్ల కన్ను నా కన్నే," అంది. "నూకరత్నం, రా."

నూకరత్నం వచ్చింది. అలవాటుకొద్దీ స్టూలు పక్కన నిలబడే వంగబోయింది. ముప్పై ఏళ్లలో ప్రయోగశాల స్టూలుమీద ఆమె ఒక్కసారైనా కూర్చోలేదు, అటెండర్లు కూర్చోరు. ఫిలోమినా ఆమె భుజం పట్టి కూర్చోబెట్టింది.

నూకరత్నం సూక్ష్మదర్శిని మరను మెల్లగా ముందుకు తిప్పింది, వెనక్కి తిప్పింది. "ఉంగరాలండి. సన్నంగున్నాయి. ఉంగరానికి రాయిలాగ సుక్కుంది."

"మురికి కావచ్చు కదా?" అన్నాడు వకీలు.

"మురికైతే పైన తేలతాదండి బాబూ. మర తిప్పినారనుకోండి, ఓపాలి మురికి కనబడతాది, ఓపాలి కణం కనబడతాది. రెండూ ఒక్కపాలే కనబడవు. ఇయ్యి కణంతోటే వత్తన్నాయి, కణంతోటే పోతన్నాయి. లోపలున్నాయి." మళ్లీ వంగి చూసింది. "పిల్లలొచ్చే ముందు రోజూ నానే కదండి మర సరిసేసి పెట్టేదాన్ని. సూసింది సూసినట్టు తెలుత్తాది. పాఠం నాకేటి తెలుత్తాది?"

ఫిలోమినా కాగితం తీసుకుని కూర్చుంది. "ఎక్కడెక్కడ ఉన్నాయో చెప్పు. నేను గీస్తాను."

నూకరత్నం చెప్పింది, ఫిలోమినా గీసింది. గీసినదాన్ని తొంగిచూసి నూకరత్నం, "ఇక్కడ సుక్క పెట్టలేదండి మీరు," అంది. ఫిలోమినా చూసింది. నిజమే. చెప్పినా, విన్నా, ఆమె చేయి శుభ్రమైన కణాన్నే గీసింది. కలాన్ని పిడికిలితో పట్టుకుని, కాగితం చిరిగేటంత గట్టిగా ఆ చుక్క పెట్టింది.

"మీరు సాక్షిగా వచ్చారు. ఇది రాసి ఇస్తే ముద్దాయిగా నిలబడవలసి వస్తుంది. ఆలోచించుకోండి," అన్నాడు అధ్యక్షుడు.

"ఆ పిల్లను అక్కడినుంచి దింపి నన్ను నిలబెట్టండి. ఈ తప్పు నలభై వేలమంది కళ్లలో ఉంది. ఈ పూట కూడా ఎక్కడో ఒక పిల్ల పలకమీదికి వంగి, సాధారణమని రాస్తూ ఉంటుంది. ప్రతి ఒక్కరి అంటు తీయించాలి. లాబులు మూతపడితే మూతపడనివ్వండి. చూడలేని లాబు మూతపడ్డ లాబుకన్నా ప్రమాదం."

దేవకి మొదటిసారి తలెత్తింది. "అయితే మేడమ్, నా చదువు?"

ఫిలోమినా ఆమె ముఖంలోకి చూసే జవాబు చెప్పింది. "పోతుందమ్మా. అంతా పోతుంది."

దేవకి వెనక వరసవైపు, చిట్టిబాబు తల్లివైపు చూసింది. "చున్నీతో వాడి కళ్లు తుడిచింది కూడా మర్చిపోతానా?"

"లేదు. అది నువ్వు చూసినది. నీ దగ్గరే ఉంటుంది."

ఆ జవాబు వరమో శాపమో తెలియనట్టు దేవకి అలాగే నిలబడిపోయింది.

ఫిలోమినా కాగితం అడుగున, రికార్డుల్లో ధ్రువపత్రం ఉండేచోట, రెండు పంక్తులు రాసింది. చూచినవారు: కిల్లాడ నూకరత్నం. గీసినవారు: గాలి ఫిలోమినా. సంతకం చేసి, కలం మూత పెట్టబోయింది.

"ఇంకెన్నున్నాయండి?" అంది నూకరత్నం, సూక్ష్మదర్శిని మీదనుంచి కన్ను తీయకుండా.

"పదహారు."

"మరైతే మూతెందుకెడతారు? రెండోది పెట్టండి."

పలకల పెట్టె దగ్గర ఉన్నది దేవకి. ఆమె పెట్టె తెరిచింది. రెండో పలకమీది చీటీ చూసింది. దానిమీద తన చేతివ్రాతలోనే చిట్టిబాబు పేరు ఉంది. పలకను అంచులు పట్టుకుని, జాగ్రత్తగా, రెండు చేతులతో నూకరత్నానికి అందించింది.